గెలిచినోళ్లు లేవద్దు

భూదాన్ పోచంపల్లి,
12 ఫిబ్రవరి 2023.

రియాజ్ అన్నకు,

నిరోష నమస్తే. గుర్తుపట్టకపోతే పరిచయం చెప్పుకుంటాను. రామన్నపేటలో నీ వీడియోగేమ్ దుకాణం వెనక గల్లీలో ఉండే మగ్గం దశరథం బిడ్డను. 1999 ఎండాకాలం సెలవుల్లో నీ సెగా మిషన్ కాల్చింది నేనే. ఇప్పుడైనా గుర్తొచ్చి ఉంటుంది.

మన గల్లీ ఎల్లేష్ మొన్న మహబూబ్‌నగర్‌లో ఫోను బాగు చేయించుకోవడానికి ఒక దుకాణం ఎక్కితే అది నీదేనట. చిరునామా అతనే ఇచ్చాడు. బాపూ అమ్మతో సహా మేమంతా పోచంపల్లికి వచ్చి చాలా ఏళ్లయింది. నేను గ్రాఫ్ కాయితం మీద డిజైన్లు గీసి చిటికి కడతాను, నా భర్త బాలకృష్ణ నేస్తాడు. చిటికి అంటే రంగు అంటకూడని చోట నూలుకు సైకిల్ ట్యూబు పీలికలు చుట్టి ముడి వేయడమే, అది నీకు నేనే నేర్పాను. రిమోట్ల తీగలు తెగితే నువ్వు ఆ పీలికలతోనే కట్టేవాడివి.

పోయిన ఏడు ఒక దుపట్టా అంచు మీద పాత టీవీ గేమ్‌లోని ట్యాంకు బొమ్మ కట్టాను. అది చూసి హైదరాబాద్‌లో ఒక చిన్న పత్రికవాళ్లు, పాత గేమ్ మిషన్లను ఒకదానితో ఒకటి పోల్చి వ్యాసం రాయమన్నారు. నాకు తెలిసిన మిషన్లు రెండే. రెండూ నీవే.

చిన్న మిషన్, అదే ఎనిమిది బిట్లది, ఎక్కడ కొన్నావు? దాంట్లో నిజంగా ఎన్ని ఆటలుండేవి? సెగాకు కేసెట్లు ఎన్ని? రెండింటి అడాప్టర్ల మీద ఏమని రాసి ఉందో అది కూడా కావాలి. నెట్‌లో అన్నీ దొరుకుతాయి గానీ అవి జపాన్ లెక్కలు, అమెరికా లెక్కలు. నాకు రామన్నపేట లెక్క కావాలి. మిషన్లు ఇంకా ఉంటే బస్సు పార్సెల్‌లో పంపు, చూసి తిరిగి పంపిస్తాను. చచ్చిపోయిన సెగా అయినా సరే.

ఫోన్లో నువ్వు మాట దాటేస్తావని ఎల్లేష్ అన్నాడు. అందుకే ఉత్తరం.

నిరోష


మహబూబ్‌నగర్,
27 ఫిబ్రవరి.

చెల్లె నిరోషకు రియాజ్ సలాం.

నిన్ను మర్చిపోతనా? నాకు పుస్తకం తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్త, నవ్వకు. ఎల్లేష్ చెప్పింది నిజమే. పొద్దంత ఫోన్లు విప్పుడే నా పని, ఇగ మాట్లాడుడు గూడ దాంట్లనే అంటే తల్కాయ నొస్తది. కాయితమే మంచిగుంది.

చిన్న మిషన్ కోఠిల కొన్న. డబ్బ మీద 9999 ఆటలని పెద్ద పెద్ద అంకెలు. ఒక ఆదివారం దుకాణం బందు పెట్టి అన్నీ నొక్కి చూసిన. ఉన్నయి ఏడు! ట్యాంకులది, చొక్కాల్లేని ఇద్దరు తుపాకులు పట్టుకొని ఉరికేది, బాతుల్ని కొట్టేది, పుట్టగొడుగు తిని పెద్దగయ్యే మీసాలాయనది, ఇంకో మూడు. మిగిలిన తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై రెండు గవే ఆటలు, పేర్లు మార్చి. ఎవ్వడన్న అడిగిండా? అడగలే. సెగా మా మామ జెద్దా నుంచి తెచ్చిండు. దానికి కేసెట్లు మూడే. నీలం ముళ్లపందిది, కార్లది, ఇద్దరు తన్నుకునేది. అందరికి తన్నుకునేదే కావాలె.

లోపలి సామాను చూస్తే సెగా పెద్ద దొర. చిన్నదాని గుండె సెకనుకు పద్దెనిమిది లక్షలసార్లు కొట్టుకుంటది, సెగాది డెబ్బై ఆరు లక్షలు. యాది పెట్టుకునే జాగా చిన్నదాన్ల రెండు కిలోబైట్లు, సెగాల అరవై నాలుగు. ఒక్కసారికి తెర మీద చిన్నది ఇరవై ఐదు రంగులు చూపిస్తది, సెగా అరవై నాలుగు. గని చెల్లె, చిన్నది కింద పడ్డది, చాయ్ ఒలికింది, మీదికెల్లి ఎలుకలు ఉరికినయి, ఇప్పటిదాక నడుస్తాంది. రిపేరోని లెక్కల అదే గొప్ప మిషన్. గిది నీ వ్యాసంల రాయి.

మన దుకాణం ఖానూన్ యాదుందా? గోడ మీద ఎర్ర రంగుతోని నేనే రాసిన, ‘గెలిచినోళ్లు లేవద్దు’ అని. ఓడినోడు లేవాలె, గెలిచినోడు కూసోవాలె, ఇంకొకడు వచ్చి ఓడగొట్టేదాక. నువ్వయితే కుర్చీకి అతుక్కపోతుంటివి.

చిన్న మిషన్ పంపుతున్న. సెగా ఉన్నది గని, చచ్చినదాన్ని పంపి ఏం ఫాయిదా? ఉండనీ. దశరథం కాకకు నా సలాం చెప్పు. రంజాన్ వస్తే రామన్నపేటల మావోళ్లతోని నాకు సలాం పంపుతనే ఉంటడు, గంత మంచి మనిషి.

రియాజ్


పోచంపల్లి,
19 మార్చి.

రియాజ్ అన్నా,

చిన్న మిషన్ భద్రంగా చేరింది. నువ్వు చెప్పినట్టే నడుస్తోంది. 9999లో ఏడు అన్న మాటకు మా ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. చిన్నది నకలు కదా, ప్రపంచం మొత్తం మీద చూస్తే దాని అసలు జపాన్ మిషన్‌కు వెయ్యికి పైగా ఆటలు, సెగాకు తొమ్మిది వందల లోపు. రామన్నపేటలో ఏడూ మూడూ. రెండు లెక్కలూ వ్యాసంలో పెడతాను.

ట్యాంకుల ఆటలో ఒకే వరుసలోకి ట్యాంకులు ఎక్కువైతే బొమ్మలు మినుకుమినుకుమనేవి, నువ్వు టీవీని చరిచేవాడివి. పాపం టీవీ తప్పేమీ లేదు. చిన్న మిషన్ ఒక గీత మీద ఎనిమిది బొమ్మ ముక్కలే గీయగలదు. తొమ్మిదోది వస్తే ఒకటి మాయమవ్వాల్సిందే. ఆట రాసినవాళ్లు ఒక్కోసారి ఒక్కోదాన్ని వదిలేస్తూ నెట్టుకొస్తారు. సెగా ఇరవై దాకా గీస్తుంది. మాకు గ్రాఫ్ మీద ఒక్క గడి తప్పితే చీర మొత్తం తప్పుతుంది, దాచిపెట్టే వీలు లేదు.

నా ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చావు, అడాప్టర్ల సంగతి తప్ప. చిన్నదాని అడాప్టర్‌ను మీటరుతో చూశాను. తొమ్మిది వోల్టులు, మధ్య మొన మైనస్. ఆ రకం సెగాకు కావలసింది కూడా ఇంచుమించు అంతే, మధ్య మొన మైనసే. తేడా బలంలో మాత్రమే. చిన్నదాని అడాప్టర్‌ను సెగాకు పెడితే బొమ్మ వణుకుతుందేమో, అడాప్టర్ వేడెక్కుతుందేమో. సెగా కాలదు. ఇంకో సంగతి. ఆ పొద్దు స్విచ్ వేస్తే సెగా వెలగలేదు, అందుకే నేను చిన్నదాని అడాప్టర్ తగిలించాను. అంటే నేను ముట్టుకోకముందే అది వెలగలేదు. పన్నెండేళ్ల పిల్లకు ఆ మాట తట్టలేదు.

ఇదంతా వ్యాసం కోసమే కాదన్నా. ఆ రోజు తర్వాత బాపు నన్ను కరెంటు వస్తువేదీ ముట్టనివ్వలేదు. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతానంటే, “ఒక్క మిషన్ కాల్చింది సాలదా? నీ చేతికి కరెంటు పడది బిడ్డా” అని చిటికి కట్టడానికి కూచోబెట్టాడు. నా బిడ్డ మమత ఇప్పుడు పది చదువుతోంది. నాకు తెలియకుండానే అదే చదువు కోరుకుంది. బాపు మళ్లీ అదే పాట. “తల్లి చెయ్యే బిడ్డకు వస్తది. పరీక్ష రాస్తే రాయనీ, సీటు మాత్రం వద్దు” అంటున్నాడు. మా ఇంట్లో ఆయన మాట దాటి ఏదీ జరగదు, బాలకృష్ణ ఆయన ముందు నోరు విప్పడు. జూన్‌లో కౌన్సెలింగ్.

సెగా పంపు. అది ఎలా చచ్చిపోయిందో చూస్తాను.

నిరోష


మహబూబ్‌నగర్,
11 ఏప్రిల్.

చెల్లె,

రంజాన్ నెల, రోజా ఉపాసం ఉన్న. రోజా పట్టి అబద్ధం రాయొద్దు. నిజం రాద్దామంటే చెయ్యి వస్తలేదు. అందుకే ఎక్కువ రాస్తలేను.

సెగా పంపుతున్న. విప్పు. మమత బిడ్డకు దువా చేస్తున్న.

రియాజ్


పోచంపల్లి,
25 ఏప్రిల్.

రియాజ్‌కు,

పండుగ అయ్యేదాకా ఆగి రాస్తున్నాను. ఈద్ ముబారక్.

సెగా విప్పాను. మసి లేదు. కాలిన వాసన లేదు. కరెంటు లోపలికొచ్చే చోట ఐదు వోల్టుల రెగ్యులేటర్లు రెండున్నాయి, ఒక్కోదానికి మూడు కాళ్లు. రెండింటికీ మొదటి కాలు టంకం వదిలించి, పైకి ఎత్తి పెట్టి ఉంది. ఎత్తిన కాళ్లు కిందికి తగలకుండా వాటికి సైకిల్ ట్యూబు పీలిక చుట్టి ఉంది. మా ఇంటి పీలిక. ముడి కూడా నేను నేర్పిన ముడే. ఎండిపోయి బిగుసుకుపోయింది, బ్లేడుతో కోయాల్సి వచ్చింది.

కాలిన మిషన్ తన కాళ్లకు తాను చిటికి కట్టుకోదు.

రెండు కాళ్లూ దించి టంకం పెట్టాను. టీ చల్లారేలోపు పని అయిపోయింది. యూట్యూబ్ చూసి, బాపు పక్కూరికి పోయినప్పుడల్లా దొంగతనంగా నేర్చుకున్న టంకం. స్విచ్ వేయగానే వెలిగింది, పాట కూడా వచ్చింది. నమ్మలేక స్విచ్ ఆపి మళ్లీ వేశాను, మళ్లీ వెలిగింది.

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఎవరి ఇంట్లోనైనా ఫ్యాను ఆగిపోతే నా వల్లేనేమో అని ఇరవై నాలుగేళ్లు భయపడ్డాను, తెలుసా నీకు? పెళ్లైన కొత్తలో మిక్సీ కూడా అత్తతోనే వేయించేదాన్ని. నా చెయ్యి చెడ్డదని నేనే నమ్మాను. ఎందుకు చేశావు? వంకలు పెట్టకుండా రాయి. రాసి, అదే మాట బాపుకు కూడా చెప్పు. నేను చెబితే బిడ్డ కోసం కల్పించి చెబుతున్నాననుకుంటాడు.

నిరోష


మహబూబ్‌నగర్,
8 మే.

నిరోషా,

అన్న అని రాయలేదు నువ్వు. సరే, రాయకు.

గా ఎండకాలం నువ్వు నాలుగు దినాలు కుర్చీల నుంచి లేవలే. పొద్దుగాల దుకాణం తీస్తె అప్పటికే మెట్ల మీద కూసొని ఉంటుంటివి. రామన్నపేట పోరగాండ్లందరిని ఓడగొట్టినవ్. చిట్యాల నుంచి శ్రీశైలం అనెటోడు నిన్ను ఓడగొడతనని సైకిల్ మీద వచ్చిండు, ఏడ్సుకుంట పోయిండు. నన్ను పదకొండుసార్లు ఓడగొట్టినవ్. పన్నెండేండ్ల పోరివి! లైన్ల ఉన్నోళ్లు నా మీదికి లేస్తుండ్రు. “అన్నా, మా ఆట ఎప్పుడు? గా పోరిని లేపు” అని. ఎట్ల లేపాలె? గోడ మీద రాసింది నేను. ఒక్కసారి లేపితే ఊర్ల నా మాటకు విలువ ఉంటదా? మాట తప్పలేక మిషన్‌ను పండబెట్టిన. అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు, అది గొప్ప తెలివి అనుకున్న.

ఐదో దినం నువ్వు రాకముందే విప్పి కాళ్లు ఎత్తి కట్టిన. నువ్వొచ్చి స్విచ్ వేస్తివి, వెలగలే. చిన్నదాని అడాప్టర్ పెడితివి. గదే దొరికింది నాకు. “తప్పు అడాప్టర్ పెట్టి కాల్చినవ్ గద” అని అందరి ముంగట అన్న. నువ్వు ఏడ్సుకుంట ఉరికినవ్. రెండు దినాలైనంక బాగయింది అంటననుకున్న, అల్లా ఖసం.

అదే సాయంత్రం దశరథం కాక నీ చెయ్యి పట్టుకొని వచ్చిండు. నీతోని నాకు మాఫీ అడిగించిండు. తన చేతులతోని నేసిన తేలియా రుమాలు నా భుజం మీద ఏసి, “పోరి తప్పు చేసింది, మనసుల పెట్టుకోకు రియాజూ” అన్నడు. మా అమ్మీ లాడ్లీ బేగం పక్కనే నిలబడి, ఎంత మంచోళ్లో అని కండ్లు తుడ్సుకుంటాంది. అప్పుడు నా నోరు లేవలే. తెల్లారి అస్సలు లేవలే. మిషన్ మళ్ల విప్పలే. అమ్మలే గూడ. దాన్ని చూస్తె రుమాలు యాదికొస్తుండె, రుమాలు చూస్తె నువ్వు.

నీకు చెప్పిన, మంచిగయింది. కాకకు మాత్రం చెప్పమనకు చెల్లె. మా అబ్బా పోయినంక నన్ను మంచోడనే పెద్దమనిషి ఆయన ఒక్కడే. మిషన్ నువ్వే బాగు చేసినవని చూపియ్యి. నడుస్తున్న మిషన్ కండ్ల ముంగట ఉంటే సాలదా?

రియాజ్


పోచంపల్లి,
16 మే.

రియాజ్‌కు,

బాపుకు మిషన్ చూపించాను. “కాల్చినోళ్లే బాగు చేస్తే గొప్పేముంది?” అన్నాడు. టీవీ వైపు కూడా చూడలేదు.

మమత రేపు పాలిసెట్ రాస్తుంది. జూన్ మూడో వారంలో సర్టిఫికెట్లు చూపించాలి. ఆ రోజు దాటితే సీటు లేదు. వ్యాసంలో నీ సంగతి రాసేస్తానని నేను బెదిరించను, అలాంటి దాన్ని కాను. అయితే ఒకటి చెబుతాను. బాపు నిన్ను మంచోడు అనడానికి నేను నా చదువు పోగొట్టుకున్నాను. నా బిడ్డ చదువు కూడా ఇవ్వమంటే ఇవ్వను.

నిరోష


మహబూబ్‌నగర్,
2 జూన్.

(నిరోషా, ఇది కాకకు. చదివి వినిపియ్యి. ఒక్క మాట ఇడిసిపెట్టకు.)

దశరథం కాకకు రియాజ్ సలాం.

కాకా, నీ బిడ్డ సెగా మిషన్ కాల్చలే. అది కాలలేదు. దాని రెండు కాళ్లు నేనే ఎత్తి కట్టిన. నీ బిడ్డను ఎవ్వరు ఓడగొట్టలేకపోయిండ్రు, కుర్చీల నుంచి లేపనీకి నాకు వేరే తొవ్వ దొరకలే, అందుకే కట్టిన. దాని చేతిల ఏ తప్పు లేదు. నేను నలభై ఏండ్లు దాటినోణ్ని, దినాం ఇరవై ఫోన్లు విప్పుత, గసొంటి చెయ్యి నాకు లేదు. ఇరవై నాలుగేండ్లు పాడు పెట్టిన మిషన్‌ను ఒక్క పూటల నడిపిచ్చింది.

మనుమరాలి చెయ్యి తల్లి చెయ్యే అంటున్నవట. అయితే ఆపకు కాకా.

రుమాలు వాపస్ పంపుతున్న. మాఫీ అడిగినోళ్లు ఇచ్చేది అది. నేను అడగాల్సింది పోయి, నేనే తీసుకున్న. ఇగ నాకు సలాం పంపకపోయినా నేనేమనుకోను.

రియాజ్


పోచంపల్లి,
9 జూలై.

రియాజ్ అన్నకు,

ఆలస్యంగా రాస్తున్నాను. ముందు రాసి ఉంటే కోపంతో రాసేదాన్ని.

నీ ఉత్తరం చదివినప్పుడు బాపు ఆసు చట్రం మీద నూలు పోస్తున్నాడు. చదువుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. అయిపోయాక “మల్ల సదువు” అన్నాడు. రెండోసారి, కాళ్లు ఎత్తి కట్టిన చోట ఆపి, “చిటికి ముడేనా?” అని అడిగాడు. ఔనన్నాను. “మన ముడే” అని, నూలు అక్కడే వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. అమ్మ నామీద కేకలేసింది, ముసలాయనకు ఇప్పుడు ఇవన్నీ ఎందుకు తవ్వి పెట్టావని.

సర్టిఫికెట్లు చూపించే రోజు పొద్దున్నే తెల్ల అంగీ వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. “సర్టిఫికెట్లన్నీ సంచిల పెట్టు. పోరితోని నేను పోత” అన్నాడు. నల్లగొండ బస్సులో సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడట, మమతకు కూడా ఇవ్వలేదట. సీటు వచ్చింది. నల్లగొండలోనే, ఎలక్ట్రానిక్స్.

ఇంకో వారం గడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం నేను గ్రాఫ్ గీస్తుంటే వచ్చి కూర్చుని, “నువ్వు ముట్టకముందు అది ఎలిగిందా లేదా అని ఒక్క మాట నేను అడగలే బిడ్డా. వాడు చెప్పిండు, నేను నమ్మిన. నిన్ను అడగలే” అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన కూడా. నాకు రాని సీటు మాత్రం నాకు రాలేదు. అది నీ ఉత్తరంతో రాదు, బాపు కన్నీళ్లతోనూ రాదు. ఈ మాట నీకు తెలియాలని రాస్తున్నాను.

రుమాలు మమతకిచ్చాడు, టంకం సామాను చుట్టుకొమ్మని. నీకు సలాం చెప్పమన్నాడు. చెప్పేముందు కాసేపు ఆలోచించాడు, కానీ చెప్పాడు.

వ్యాసం అచ్చయింది, ఒక ప్రతి పంపుతున్నాను. ఏది గొప్ప మిషన్ అన్న దగ్గర నీ మాట రాశాను, ఎన్ని దెబ్బలు తిన్నా చిన్నది నడిచిందని. దాని కిందే నా మాట కూడా రాశాను, సెగాయే గొప్పదని. ఇరవై నాలుగేళ్లు కాళ్లు కట్టేసి మూలన పడేసినా, విప్పగానే పాట మొదలుపెట్టింది.

చిన్న మిషన్ తిరిగి పంపుతున్నాను. సెగా పంపను. నిన్ను నేను మాఫ్ చేయలేదు, చేస్తానో లేదో కూడా తెలియదు. కానీ ఖానూన్ నీదే, గోడ మీద రాసిందీ నువ్వే. 1999లో నన్నెవరూ ఓడించలేదు. రెండో రిమోట్ తుడిచి టీవీ పక్కన పెట్టాను. వచ్చి ఓడించు, అప్పుడు లేస్తాను.

నిరోష